చీకటిలో కదలికను కెమెరా ఎలా పసిగడుతుంది?

మిరప కోత మొదలైందంటే మా ఇంట్లో ఎవరో ఒకరు రాత్రిళ్లు కల్లంలో పడుకోవలసిందే. కోసిన కాయ ఎండటానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ పదిహేను రోజులూ ఏడాది కష్టమంతా ఆకాశం కింద నేలమీద పరిచి ఉంటుంది. వాన వస్తే పట్టా కప్పుకుంటాం. దొంగ వస్తే ఏం కప్పుతాం? అందుకని 2025లో మా నాన్న ఒక కెమెరా కొని కల్లం గట్టున గుంజకు బిగించాడు. సోలార్ పలకతో, బ్యాటరీతో నడిచే రకం. మనిషి కదిలితే చాలు, తనంతట తానే మేలుకొని వీడియో తీసి సెల్‌ఫోనుకు పంపుతుందని అమ్మినవాళ్లు చెప్పారు.

ఆ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం రెండు టిక్కీల కాయ పోయింది. ఫోను తెరిచి చూస్తే ఆ సాయంత్రం మొత్తానికి ఒకే ఒక్క వీడియో ఉంది. అందులో కనబడిన మనిషి మా దగ్గర పధ్నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆయన. నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. బోరు దగ్గర స్నానం చేసి, తడిబట్టలతో కల్లం పక్కనుంచి నడిచి వెళ్తున్నాడు. చేతిలో ఏమీ లేదు. అయినా ఊళ్లో మాట పుట్టడానికి అది చాలింది. “కెమెరాలో ఇంకెవరూ లేరుగా!” అన్నారు నలుగురూ. మా నాన్న ఔననలేదు, కాదనలేదు. మర్నాటి నుంచి బాబాయ్ పనికి రావడం మానేశాడు.

“కెమెరాలో ఇంకెవరూ లేరు” అనడమూ, “కల్లంలోకి ఇంకెవరూ రాలేదు” అనడమూ ఒకటేనా? సెలవులకు ఇంటికి వెళ్లిన నన్ను ఈ ప్రశ్న వదల్లేదు. దానికి జవాబు చెప్పాలంటే అసలు ఈ కెమెరా కదలికను ఎలా గుర్తిస్తుందో తెలియాలి. మన బి.ఎస్సీ. తరగతుల్లో చదువుకునే పాఠాలతోనే అది చక్కగా అర్థమవుతుంది. కావున మిత్రులందరితో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

నిద్రపోయే కెమెరా

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. బ్యాటరీ కెమెరా రాత్రింబగళ్లు కళ్లు తెరుచుకుని చూస్తూ ఉండదు. బొమ్మ తీయడానికీ, దాన్ని ఫోనుకు పంపడానికీ చాలా విద్యుత్తు కావాలి. ఎడతెగకుండా అదే పని చేస్తే బ్యాటరీ త్వరలోనే చచ్చిపోతుంది. అందుచేత కెమెరా నిద్రపోతుంది, దాని పక్కన ఒక చిన్న పరికరం మేలుకొని ఉంటుంది. ఆసామి లోపల పడుకుంటే గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడిలాంటిదన్నమాట. ఈ కాపలావాడి ఖర్చు బహు తక్కువ. ఆంపియరులో పదిలక్షవ వంతును మైక్రో ఆంపియరు అంటాం కదా, అలాంటివి కొన్ని పదులుంటే సరిపోతాయి. కాపలావాడు తట్టి లేపితేనే కెమెరా లేస్తుంది. వాడు లేపకపోతే కల్లంలో ఏనుగులు తిరిగినా దానికి తెలియదు.

ఈ కాపలావాడి పేరు పి.ఐ.ఆర్. సెన్సర్. అనగా తాను ఏ కిరణాలనూ పంపకుండా, ఎదుటి వస్తువుల నుంచి వచ్చే పరారుణ కిరణాలను మాత్రమే గ్రహించే పరికరం.

వెచ్చని వస్తువుల కనబడని వెలుగు

1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, విడిపోయిన రంగుల్లో థర్మామీటర్లు ఉంచి చూశాడు. ఎరుపు రంగు దాటాక, కంటికి ఏమీ కనబడని చోట కూడా పాదరసం పైకి ఎక్కింది. అక్కడ ఉన్న కనబడని కిరణాలే పరారుణ కిరణాలు. సూర్యుడే కాదు, వేడి ఉన్న ప్రతి వస్తువూ వాటిని వెదజల్లుతుంది. గోడ, చెట్టు, గేదె, మనిషి, అన్నీ అంతే.

ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వెదజల్లుతుందో వీన్ నియమం చెబుతుంది. 2898ని వస్తువు యొక్క కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే జవాబు మైక్రోమీటర్లలో వస్తుంది. మన చర్మం సుమారు 33 డిగ్రీలు, అంటే 306 కెల్విన్. భాగిస్తే దాదాపు 9.5 మైక్రోమీటర్లు. మన కంటికి కనబడే కాంతి 0.4 నుంచి 0.7 వరకే. మనుషులమంతా రాత్రింబగళ్లు వెలుగుతూనే ఉన్నాం గాని, ఆ వెలుగు చూసే కళ్లు మనకు లేవు!

ఎంత వెదజల్లుతుందన్నది స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ నియమం చెబుతుంది. అది కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. లెక్క సులువు కోసం నేలనూ, బట్టనూ, చర్మాన్నీ కృష్ణవస్తువులుగానే భావిద్దాం. ఈ కిరణాల విషయంలో అవి దానికి దగ్గరగానే ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున నేల 15 డిగ్రీలుంటే చదరపు మీటరు నుంచి సుమారు 390 వాట్లు వెలువడతాయి. 33 డిగ్రీల చర్మం నుంచి 497 వాట్లు. తేడా 107. అంటే చల్లని నేలమీద మనిషి దీపంలా వెలుగుతున్నట్టే. పి.ఐ.ఆర్. సెన్సర్ పట్టుకునేది సరిగ్గా ఈ తేడానే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

స్ఫటికం చెప్పే కబురు

సెన్సర్ లోపల ఉండేది పైరో విద్యుత్ పదార్థపు చిన్న పలక. టూర్మలిన్ వంటి కొన్ని స్ఫటికాలను వేడిచేస్తే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ లక్షణానికి పైరో విద్యుత్తు అని పేరు పెట్టాడు. ఇప్పటి సెన్సర్లలో లిథియం టాంటలేట్ వంటి పదార్థాలు గాని, ప్రత్యేకమైన పింగాణీలు గాని వాడుతున్నారు.

ఇక్కడ కిటుకు ఏమిటంటే, ఆవేశం పుట్టేది పలక వేడిగా ఉన్నందుకు కాదు, దాని వేడి మారినందుకు. మార్పు ఆగితే పుట్టిన ఆవేశం కాసేపట్లో కారిపోతుంది. వేన్నీళ్లలో చెయ్యి పెట్టగానే చురుక్కుమంటుంది, కాసేపటికి అలవాటైపోతుంది. అలాంటిదే ఇదీను. అందుకే ఈ సెన్సర్ ముందు ఒక మనిషి రాయిలా కదలకుండా నిలబడితే దానికి అతను లేనట్టే.

పలక ఒక్కటే ఉంటే ఇంకో చిక్కు. ఎండ ఎక్కినా, మబ్బు పట్టినా వేడి మారుతుంది, ప్రతిదానికీ గంట మోగుతుంది. అందుకని రెండు పలకలను పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. త్రాసులో రెండు సిబ్బెల్లాగా అన్నమాట. ఎండ రెండింటి మీదా సమానంగా పడితే ముల్లు కదలదు. మనిషి అడ్డంగా నడిచినప్పుడు అతని వేడి ముందు ఒక పలక మీదా, తర్వాత రెండో దాని మీదా పడుతుంది. ముల్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతుంది. ఆ ఊపే “ఎవరో కదిలారు” అన్న కబురు.

మడులు కట్టే కటకం

కెమెరా ముందు పాలరంగులో, చిన్నచిన్న గళ్లతో ఉబ్బెత్తుగా కనబడే ప్లాస్టిక్ డొప్ప చాలామంది చూసే ఉంటారు. అది అలంకారం కాదు, కటకాల గుంపు. మామూలు గాజు ఈ పొడవైన పరారుణ తరంగాలను పోనివ్వదు కాబట్టి పాలిథీన్ జాతి ప్లాస్టిక్ వాడతారు. దాని మీద గాళ్లు తీసి, మందపు కటకం చేసే పనిని పలుచని రేకుతో చేయిస్తారు. ఈ ఉపాయం ఆగస్టిన్ ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడిది. ఆయన కటకాన్ని 1823లో ఫ్రాన్సులోని కోర్డువాన్ దీపస్తంభంలో అమర్చారు. సముద్రం మీదికి వెలుగు పంపడానికి పుట్టిన కటకం నేడు మన వాకిట్లో మనుషుల వెచ్చదనాన్ని పోగుచేస్తోంది.

ఆ డొప్పలో ఒక్కొక్క గడి ఎదుటి జాగాలో ఒక్కొక్క ముక్కను సెన్సర్ మీదికి తెస్తుంది. రైతు భాషలో చెప్పాలంటే, అది కల్లాన్ని మడులుగా విడగొడుతుంది. మడికీ మడికీ మధ్య గట్టులాగా కనబడని ఖాళీ ఉంటుంది. మనిషి ఒక మడిలోనుంచి ఇంకో మడిలోకి దాటినప్పుడల్లా త్రాసు ముల్లు ఊగుతుంది. అడ్డంగా నడిచేవాడు వరసగా ఎన్నో మడులు దాటుతాడు. కెమెరా వైపు తిన్నగా నడిచి వచ్చేవాడు చాలాసేపు ఒకే మడిలో ఉంటాడు. కాబట్టి ఎదురుగా వచ్చేవాణ్ని గుర్తించడం దీనికి కష్టం. మనమేమో “దారికి ఎదురుగా పెడితే బాగా కనబడుతుంది” అనుకుని సరిగ్గా అలాగే బిగిస్తాం!

బొమ్మకీ బొమ్మకీ పోలిక

కరెంటుతో నడిచే కెమెరాలది వేరే దారి. వాటికి నిద్ర అక్కర్లేదు. అవి ఎడతెగకుండా బొమ్మలు తీస్తూ, ఇప్పటి బొమ్మను ఇంతకుముందు బొమ్మతో పోల్చుకుంటాయి. అడ్డం 1920, నిలువు 1080 చుక్కలున్న బొమ్మలో మొత్తం 20,73,600 చుక్కలు. ప్రతి చుక్క వెలుగుకూ 0 నుంచి 255 వరకు ఒక అంకె. చాలా చుక్కల్లో అంకె ఒక హద్దును మించి మారితే కదలిక ఉన్నట్టు లెక్క.

అయితే పొద్దు వాలేకొద్దీ అన్ని చుక్కలూ మారుతాయి కదా? అందుకని యంత్రం “ఖాళీ కల్లం ఎలా ఉంటుంది” అన్న బొమ్మ ఒకటి తనలో దాచుకుని, దాన్ని నెమ్మదిగా సవరించుకుంటూ ఉంటుంది. కొత్తగా వచ్చి నిలబడిన ఎడ్లబండి కాసేపు వింతగా తోచి, తర్వాత నేపథ్యంలో కలిసిపోతుంది.

ఈ పద్ధతికి మనిషైనా, ఊగే కొమ్మ నీడైనా ఒకటే. రాత్రిపూట కెమెరా తన చుట్టూ ఉన్న చిన్న దీపాలతో 850 నానోమీటర్ల ప్రాంతపు పరారుణ కాంతిని వెదజల్లి చూస్తుంది. అప్పుడు కటకం దగ్గరగా ఎగిరే రెక్కల పురుగు తెల్లని దెయ్యంలా మెరుస్తుంది. సాలెగూడు ఊగినా గంట మోగుతుంది.

ఈ బాధ తగ్గించడానికి ఇటీవలి కెమెరాల్లో, కదిలింది మనిషా, జంతువా, వాహనమా అని పోల్చుకునే కార్యక్రమం పెడుతున్నారు. లెక్కలేనన్ని బొమ్మలు చూపించి దానికి మనిషి ఆకారాన్ని నేర్పుతారు. 2012 తర్వాత ఈ విద్య చాలా వేగంగా పెరిగింది. అయినా అది ఇచ్చేది “మనిషి కావచ్చు” అన్న అంచనాయే. చేలో దిష్టిబొమ్మను చూసి అది మనిషని పొరబడవచ్చు. గొంగడి కప్పుకుని వంగి నడిచే మనిషిని వదిలేయనూవచ్చు. దిష్టిబొమ్మ విషయంలో మాత్రం పి.ఐ.ఆర్. మోసపోదు. బొమ్మకి ఒంటి వేడి ఉండదు కదా!

తిరిగొచ్చే తరంగం

మూడో పద్ధతి రాడార్. ఇది తానే సూక్ష్మతరంగాలను పంపి, తిరిగొచ్చిన వాటిని పరీక్షిస్తుంది. కదిలే వస్తువు నుంచి తిరిగొచ్చే తరంగపు పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. ఇది 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రం. 24 గిగాహెర్ట్జ్ తరంగం పంపితే, సెకనుకు ఒక మీటరు వేగంతో ఎదురొచ్చే మనిషి వల్ల కలిగే మార్పు 160 హెర్ట్జ్. దీనికి వేడితో పనిలేదు. పైగా ఎదురుగా వచ్చేవాణ్నే ఇది బాగా పట్టుకుంటుంది. పి.ఐ.ఆర్. ఎక్కడ తడబడుతుందో ఇది అక్కడ గట్టిది. కాని గాలికి పట్టా రెపరెపలాడినా దీనికి కదలికే.

రెండు రకాల తప్పులు

ఏ పద్ధతైనా రెండు రకాల తప్పులు చేస్తుంది. లేనిదాన్ని ఉందనడం ఒకటి, ఉన్నదాన్ని లేదనడం రెండోది. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. మొదటి తప్పు మనకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఫోను మోగుతుంది. రెండో తప్పు తెలియనే తెలియదు. మోగని గంటను ఎవరు వింటారు?

మా ఇంట్లో జరిగింది ఇదే. మొదట్లో కుక్క వచ్చినా, ఎండకు కాగిన వేపకొమ్మ ఊగినా ఫోను మోగేది. నాన్నా పులి కథలాగా, నాలుగు రాత్రులు లేచి పరుగెత్తి విసిగిపోయిన నాన్న సెట్టింగుల్లోకి వెళ్లి సెన్సర్ సున్నితత్వాన్ని బాగా తగ్గించేశాడు. ఆ తర్వాత అంతా ప్రశాంతం. ఆ ప్రశాంతతనే మేము భద్రత అనుకున్నాం.

కల్లంలో పరీక్ష

దొంగతనం జరిగిన ఎనిమిదో రోజు, మా భౌతికశాస్త్ర అధ్యాపకుల అనుమతితో ప్రయోగశాలలోని పరారుణ థర్మామీటరు ఇంటికి తీసుకెళ్లాను. 2020లో అందరి నుదుటికీ చూపించిన పరికరంలాంటిదే. సాయంత్రం ఏడున్నరకు, కెమెరాను ముట్టుకోకుండా, నాన్న పెట్టిన సెట్టింగులోనే పరీక్ష మొదలుపెట్టాను. పగలంతా కాగిన కల్లం నేల 35 డిగ్రీలు. మా తమ్ముడి పొడి చొక్కా 34. లెక్క వేస్తే నేల 510 వాట్లు, తమ్ముడు 504. చలికాలంలో 107 ఉన్న తేడా ఇప్పుడు ఆరుకు పడిపోయింది! మా తమ్ముడు నా కళ్ల ముందే ఉన్నాడు గాని, సెన్సర్ దృష్టిలో నేలలో కలిసిపోయాడు. తర్వాత బోరు దగ్గర వాణ్ని తడిపి తెచ్చాను. నీరు ఆవిరవుతుంటే తడి చొక్కా 27 డిగ్రీలకు దిగింది. 459 వాట్లు. తేడా 51. ఈసారి నేలకన్నా తక్కువ. అయితేనేం, సెన్సర్‌కు కావలసింది తేడా, ఎక్కువా తక్కువా కాదు.

ఎనిమిది మీటర్ల దూరం నుంచి వాణ్ని నడిపించాను. ప్రతిసారీ కెమెరా మళ్లీ నిద్రపోయేదాకా ఆగాం. పొడిబట్టలతో కెమెరాకు ఎదురుగా పదిసార్లు నడిస్తే రెండుసార్లే లేచింది. పొడిబట్టలతో అడ్డంగా నడిస్తే ఐదుసార్లు. తడిబట్టలతో ఎదురుగా ఏడుసార్లు. తడిబట్టలతో అడ్డంగా పదికి పదిసార్లు. తెల్లవారుజామున ఐదింటికి నేల 25కు చల్లబడ్డాక, పొడిబట్టలతో అడ్డంగా నడిచినా పదికి పదీ లేచింది.

పదిసార్లు నడవడం గొప్ప ప్రయోగమేమీ కాదని నాకు తెలుసు. ఆ రోజు గాలి వేరు, ఈ రోజు గాలి వేరు. దొంగ ఎవరో ఈ పరీక్ష చెప్పదు, చెప్పలేదు కూడా. కాని ఒక్క సంగతి తేలింది. ఆ వేళలో పొడిబట్టలతో, కాలవగట్టు వైపు నుంచి, కెమెరాకు ఎదురుగా ఎవరు వచ్చినా అది లేవకపోవడమే ఎక్కువ. స్నానం చేసి తడిబట్టలతో అడ్డంగా నడిచిన మనిషిని మాత్రం అది తప్పక పట్టుకుంటుంది. బాబాయ్ వీడియోలో పడింది దొంగ కాబట్టి కాదు, తడిసి ఉన్నాడు కాబట్టి.

కెమెరా పెట్టేవారు గుర్తుంచుకోవలసినవి

పి.ఐ.ఆర్. కెమెరాను మనుషులు వచ్చే దారికి అడ్డంగా చూసేటట్టు పెట్టాలి, ఎదురుగా కాదు. రెండు రెండున్నర మీటర్ల ఎత్తులో, కొంచెం కిందికి వంచి బిగిస్తే మేలు. దాని చూపులో ఎండపడే కొమ్మలూ, రేకుల కప్పులూ లేకుండా చూసుకోవాలి. సాలెగూళ్లు దులుపుతూ ఉండాలి. మన ప్రాంతపు వేసవి సాయంకాలాల్లో పి.ఐ.ఆర్. ఒక్కదాన్నే నమ్ముకోరాదు. రాడార్ తోడున్నది గాని, ఎడతెగకుండా రికార్డు చేసేది గాని ఉంటే మంచిది. గంట ఎక్కువగా మోగుతోందని సున్నితత్వం తగ్గించేముందు కెమెరా చోటు మార్చి చూడాలి. పక్కవాళ్ల వాకిలి అందులో పడకుండా చూడటం మన మర్యాద. అన్నిటికన్నా ముఖ్యం, ఏ వేళలో దొంగభయం ఉందో ఆ వేళలో మనమే దాని ముందు నడిచి పరీక్షించుకోవాలి.

నా లెక్కల కాగితం నాన్నకు చూపించాను. వాట్లూ కెల్విన్లూ ఆయనకు పట్టలేదు గాని, ఎన్నిసార్లు లేచిందో ఆ అంకెలు రెండుసార్లు చదివాడు. “ఏరా, మనం తగ్గించకుండా ఉంటే?” అన్నాడు. “ఇంకొన్ని సార్లు లేచి ఉండేదేమో నాన్నా” అన్నాను. కాసేపు ఊరుకుని, “ముందు ఆయన్ని అడగాల్సింది రా నేను” అన్నాడు. పొద్దున్నే ఒక్కడే బాబాయ్ ఇంటికి వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. మూడో రోజున బాబాయ్ కల్లంలోకి వచ్చి, ఏమీ జరగనట్టే తాలుకాయ ఏరడానికి కూర్చున్నాడు.

టిక్కీలు దొరకలేదు. ఊళ్లో మాట కూడా పూర్తిగా ఆగలేదు. కెమెరాను మాత్రం గట్టు మీదనుంచి తీసి పక్క గుంజకు మార్చాం, దారికి అడ్డంగా చూసేటట్టు. దాన్ని బిగిస్తున్నప్పుడు నిచ్చెన పట్టుకున్నది బాబాయే.